సప్పుడున్నదని వాపసు వచ్చిన డిస్కు

ఆన్‌లైన్‌లో సామాను అమ్మే పిల్లలు ఇప్పుడు చంద్రపూర్‌లో గల్లీకి ఇద్దరున్నారు. నేను కొట్టు మానేసి ఇంట్లో కూర్చున్నా, వాళ్లలో ఎవరో ఒకరు ఫోన్ చేసి వాపసు వచ్చిన పార్సెల్ గురించి అడుగుతూనే ఉంటారు. సీలు చూడండి, సీరియల్ నంబరు చూడండి, కొరియర్ మనిషి వెళ్లకముందే విప్పండి, విప్పేటప్పుడు ఫోటో తీయండి అని చెబుతాను. అవి పనికొచ్చే మాటలే. కానీ నా ఉద్యోగం మొత్తంలో నన్ను వణికించిన వాపసు ఒకటుంది. దాని సీలు సరిగ్గానే ఉంది, నంబరు సరిగ్గానే ఉంది, వస్తువు కూడా అచ్చంగా మాదే. మోసాన్ని ఎట్లా పట్టుకోవాలో మీకు ఎవరైనా చెప్తారు. మోసం లేకుండా వచ్చిన ఆ పెట్టె సంగతి నేనే చెప్పాలి.

అప్పటికి ఇంటర్నెట్ మా ఊరికి కొత్త. ఫోన్ తీగకు మోడెం తగిలిస్తే అది కీచుమని అరిచి అరిచి ఎప్పటికో కలిసేది. ఈలోపు ఎవరైనా కొట్టుకు ఫోన్ చేస్తే పుటుక్కున తెగిపోయేది. మా సేఠ్ తెలుగువాడే. వాళ్ల తాత మంచిర్యాల వైపు నుంచి వచ్చి ఇత్తడి సామాను అమ్మాడట. నాయన స్టీలు సామాను అమ్మాడు. ఈయన కాలానికి బయటి దేశాల సరుకు బజార్లోకి దిగి, స్టీలు కొట్టు సగం కంప్యూటర్ కొట్టయింది. గడ్‌చాందూర్ సిమెంటు ఫ్యాక్టరీల ఆఫీసుల్లో పాత కంప్యూటర్లు తీసేస్తే గంపగుత్తగా తెచ్చి, బాగున్న భాగాలు విడదీసి అమ్మేవాళ్లం. ఒక వేలంపాట వెబ్‌సైటు వచ్చాక, మా ఊళ్లో ఎవరూ ముట్టని ర్యామ్ ముక్కను పుణెలో ఎవరో పోటీపడి కొంటారని తెలిసింది. సేఠ్‌కు అది మాయలా ఉండేది. "మనిషి మొకం జూడలే, గొంతు ఇనలే, సామాను మాత్రం పంపుమంటడు. ఏం దునియా అమ్మా ఇది!" అని రోజూ అనేవాడు.

ఆ వెబ్‌సైటు పనంతా నాది. సామాను గురించి రాయడం, అడిగినవాళ్లకు జవాబివ్వడం, పెట్టెలు కట్టడం, వాపసులు చూడడం. మా నాన్న బల్లార్‌పూర్ గనిలో పనిచేసి పోయాడు. నేను విసాపూర్ నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. పరీక్ష చేసే పని ఒక మరాఠీ ఆయనది. నన్ను తాయి అని, అంటే అక్కా అని, పిలిచేవాడు. మాతో ఉండి ఉండి తెలుగు పట్టుకున్నాడు కానీ, ఆడా మగా తేడా లేకుండా అందరినీ, ఆఖరికి మా బస్సును కూడా, "అతను వచ్చిండు, అతను పోయిండు" అనేవాడు.

వాపసుల్లో అన్ని రకాల విద్యలూ చూశాం. హార్డ్‌డిస్క్ పెట్టెలో బట్టల సబ్బు వచ్చింది. మంచి ర్యామ్ తీసుకొని తన పాడైన ర్యామ్ పంపినవాడున్నాడు. అప్పట్నుంచి నేను అమ్మే ప్రతి వస్తువు మీదా ఒక స్క్రూకి గోళ్ల రంగు చుక్క పెట్టేదాన్ని. విప్పితే చుక్క పగులుతుంది, మారిస్తే చుక్కే ఉండదు. సేఠ్ మొదట నవ్వాడు, రెండు దొంగతనాలు దొరికాక తనే గోళ్ల రంగు సీసా తెచ్చిచ్చాడు.

ఆ డిస్కు వర్షాకాలానికి కొంచెం ముందు వాపసు వచ్చింది. మా కొనుగోలుదార్లంతా దూరాల వాళ్లు. ఈ డిస్కు కొన్నతని చిరునామా మాత్రం రాజురా దాటాక, ఎప్పుడో మూసేసిన ఒక బొగ్గుగని కాలనీ. బస్సెక్కితే ఒక్క పూటలో కొట్టుకు వచ్చి తీసుకుపోగలిగే మనిషి, వెబ్‌సైటులో కొని, కొరియర్‌లో తెప్పించుకొని, కొరియర్‌లోనే వాపసు పంపాడు. కారణం దగ్గర ఒక్క ముక్క: సప్పుడున్నది.

హార్డ్‌డిస్క్ చెడిపోయే ముందు టిక్కు టిక్కుమంటుంది. కాబట్టి ఫిర్యాదు మామూలుదే. పెట్టె విప్పితే సాంబ్రాణి పొగ వాసన గుప్పుమంది. నా చుక్క చెక్కుచెదరలేదు. మరాఠీ ఆయన డిస్కును తగిలించి, చెవి దగ్గర పెట్టుకొని ఒక పూటంతా తిప్పాడు. "తాయి, అతను ఎక్‌దమ్ చుప్. నాకంటే మంచిగున్నడు" అన్నాడు. అలవాటు ప్రకారం లోపల ఉన్నదంతా తుడిచేసి, మళ్లీ ఖాళీగా చేశాడు. లోపం లేదని రాసి నేను తిప్పి పంపాను.

సేఠ్‌కు అనుమానం తగ్గలేదు. "వాడుకోని వాపస్ ఇచ్చేటోడు. పెండ్లికి చీర కొని, కట్టుకోని, మల్ల దుకాణంల ఇచ్చే అవ్వల లెక్క" అన్నాడు.

కొన్నాళ్లకు అదే డిస్కు మళ్లీ వచ్చింది. అదే సాంబ్రాణి వాసన, అదే చుక్క. ఈసారి డిస్కుకు చుట్టిన కాగితం మీద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలున్నాయి. సేఠ్ తెలుగు ధారాళంగా మాట్లాడతాడు కానీ బడి అంతా మరాఠీలో. కొట్టులో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే, అదీ మా నాన్న ఇంటి గోడ మీద బొగ్గుతో నేర్పిన అక్షరాల పుణ్యాన. కూడబలుక్కుంటూ చదివాను.

"తుడవకుండ్రి. ఇనుండ్రి."

"ఏమన్నడు?" అని సేఠ్ అడిగాడు.

"తుడిచేయొద్దట. వినాలట."

"ఏం ఇనాలె? డిస్కా, గ్రామఫోనా?"

మధ్యాహ్నం. భోజనాల వేళకు షట్టరు సగం దించి ఉంది. బయట ఎండ కొలిమిలా మండుతోంది. మరాఠీ ఆయన డిస్కు తగిలించి లోపల చూశాడు. ఉత్తరాలు లేవు, బొమ్మలు లేవు, సినిమాలు లేవు. ఉన్నవన్నీ శబ్దపు ఫైళ్లే, ఒకదాని కింద ఒకటి, ఒక్కోటి గంటల పొడుగు. ఒకటి తెరిచి స్పీకర్లు పెట్టాడు.

మొదట ఏమీ లేదు. ఏమీ లేదంటే, పెద్ద ఖాళీ గదిలో ఉండేటటువంటి ఏమీ లేకపోవడం. తర్వాత ఎక్కడో నీటిబొట్టు. చాలాసేపటికి ఇంకో బొట్టు. మరాఠీ ఆయన డబ్బా మూత తీసి రొట్టె తుంచబోతుండగా, టక్ మంది. ఆ వెంటనే టక్ టక్. తలుపుకు అవతల నుంచి మెల్లగా కొట్టినట్టు.

ఆయన రొట్టె కింద పెట్టేశాడు.

కొంచెం ఆగి మళ్లీ టక్ మంది. అప్పుడు, స్పీకరుకు మూతి ఆనించినంత దగ్గర నుంచి, ఒక మగ గొంతు వినిపించింది. అది మాటా, మూలుగా తెలియలేదు. పైకీ కిందికీ పట్టు తప్పిన గొంతు. నిద్రలో మాట్లాడేవాళ్లకు అట్లాంటి గొంతుంటుంది.

"ఇంటున్నవా?"

నిశ్శబ్దం.

"ఇంకోపారి కొట్టు. ఇంకోపారి."

టక్.

సేఠ్ చెయ్యి చాచి స్పీకర్ వైరు పీకేశాడు. బయట రిక్షావాడెవడో బెల్లు కొడుతూ పోయాడు, అది విని నాకు ప్రాణం లేచొచ్చింది.

"బంద్ చేసి పెట్టు అమ్మా. గిది దయ్యాల సామాను. వానికి ఏం గావాల్నో అది ఇచ్చి వదిలించుకుందాం" అన్నాడు సేఠ్. అప్పటికే ఆయన చూపు గుమ్మానికి కట్టిన నిమ్మకాయ మీద ఉంది, అది ఎండిపోయిందేమోనని.

"సేఠ్‌జీ, భూత్ కాదు" అన్నాడు మరాఠీ ఆయన. ఎప్పుడూ నవ్వే మొహంలో నవ్వు లేదు. "ఎవరినో లోపల బంద్ చేసిండు. అతను తలుపు కొడుతున్నడు. ఇతను బయట కూసోని ఇంకా కొట్టు అంటున్నడు."

ఆ మాట అనేదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. అన్నాక ఇంక వేరే ఆలోచన రాలేదు. మళ్లీ స్పీకర్లు పెట్టి, ఇంకో రెండు ఫైళ్లు అక్కడక్కడా విన్నాం. పాతవాటిలో టక్కుల మధ్య చాలా ఎడం ఉంది. కొత్తవాటిలో దగ్గర దగ్గరగా ఉన్నాయి. కొట్టేవాళ్లెవరో తొందరపడుతున్నట్టు. మధ్యమధ్య ఆ గొంతు, "ఇంటున్నవా? గిప్పుడు?" అని.

పోలీసుల దగ్గరికి పోదామంటే సేఠ్ ఒప్పుకోలేదు. "ఏమని జెప్తవ్? డిస్కు తలుపు కొడుతుందనా? నన్నే లోపలేస్తరు" అన్నాడు. అదీ నిజమే. చివరికి, వాపసు సామాను విషయం మాట్లాడాలని చెప్పి ఆ చిరునామాకు నేనూ మరాఠీ ఆయనా పోయి చూసి రావాలని తేలింది. తేడాగా ఏమైనా కనిపిస్తే నేరుగా రాజురా ఠాణాకు పోవాలి.

ఎందుకో ఆ రాత్రి మా ఇంట్లో గచ్చు మీద చాప వేసుకొని పడుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు. మంచం వేసుకున్నాను. మర్నాడు పొద్దున అడిగితే, మరాఠీ ఆయనా అంతేనట.

ఆయన స్కూటర్ మీద వర్ధా నది వంతెన దాటి పోయాం. రోడ్డంతా బొగ్గు లారీలు, ఇరుపక్కలా చెట్లకు నల్లటి ఆకులు. పెద్ద రోడ్డు వదిలి మట్టిబాట పట్టాక లారీల మోత వెనకపడింది. కాలనీ వచ్చింది. నేను పుట్టి పెరిగింది ఇట్లాంటి క్వార్టర్లలోనే కాబట్టి ఏ వరస ఎట్లా ఉంటుందో కళ్లు మూసుకొని చెప్పగలను. కానీ ఇక్కడ వరసలు వరసలే కళ్లు పీకేసినట్టున్నాయి. తలుపులు, కిటికీలు, పైకప్పు రేకులు అన్నీ ఊడబెరికి తీసుకుపోయారు. గోడల మీద క్వార్టర్ నంబర్లు మాత్రం మిగిలాయి. బాట మధ్యలో నేల నోరు తెరిచినట్టు పగులు. దాన్ని ఎవరో బూడిద పోసి పూడ్చారు, బూడిద మళ్లీ లోపలికి దిగిపోయింది. మరాఠీ ఆయన స్కూటర్ ఆపి, దాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. ఎందుకో అడిగితే, "ఏమో తాయి, బండి మీద బరువుగ పోబుద్ధి అయితలేదు" అన్నాడు.

చివరి వరసలో పొయ్యి పొగ కనిపించింది. కొన్ని కుటుంబాలు ఇంకా ఉన్నాయి. గుమ్మంలో కూర్చొని బియ్యం ఏరుతున్న ఒకామెను చిరునామా అడిగాను.

"పిచ్చిదాని ఇల్లా?" అంది.

నేను గొంతు తగ్గించి అడిగాను, "ఆమె... లోపలున్నదా?"

"ఉండె. సచ్చిపోయింది. సలికాలంల." ఆమె మళ్లీ బియ్యంలోకి తల వంచింది. "ఆఖరి ఇల్లు. ఆయన ఉంటడు. పిలిస్తె పలుకడు."

ఆఖరి ఇంటి తలుపు తెరిచే ఉంది. లోపల మసక. సాంబ్రాణి. గోడవార బల్ల మీద కంప్యూటర్, దాని ముందు పీట మీద మాకు వీపు పెట్టి ఒక ముసలాయన. కంప్యూటర్ నుంచి నల్లటి తీగ ఒకటి కిందికి దిగి, గచ్చు మీద పాకుతూ లోపలి గదిలోకి పోయింది. అక్కడ నేల పగుల్లోకి దిగి మాయమైంది. తెర మీద ఒక ఆకుపచ్చ గీత సాఫీగా సాగుతోంది.

"బాపూ" అని పిలిచాను. కదల్లేదు. మరాఠీ ఆయన తలుపు తట్టాడు. తెర మీద గీత ఎగిరిపడింది. ముసలాయన వంగి, గీతను దగ్గరగా చూసి, తర్వాత లోపలి గది వైపు తల తిప్పాడు. అదే గొంతు, పట్టు తప్పిన గొంతు.

"ఇంటున్నవా? నువ్వేనా కొట్టింది?"

మరాఠీ ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు గుర్తులు మర్నాటి దాకా ఉన్నాయి. ఆయన ఇంకో చేత్తో మళ్లీ తలుపు కొట్టాడు, ఈసారి గట్టిగా. ముసలాయన చూపు గీత మీదే ఉంది. మేం వెనక ఉన్నట్టు ఆయనకు తెలియనే తెలియదు. అప్పుడు నాకు అర్థమైంది. ఆయనకు చెవులు వినబడవు. కాలనీల్లో నేను చిన్నప్పట్నుంచి చూసిన చెవుడే. డ్రిల్లు పట్టినవాళ్లకు, బ్లాస్టింగు దగ్గర ఉన్నవాళ్లకు వచ్చే చెవుడు.

నేను ముందుకు నడిచి ఆయన కళ్లకు కనబడేలా నిలబడ్డాను. చేతిలో ఉన్న డిస్కు చూపించాను.

ఆయన చూశాడు. లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించి, "ఇన్నరా బిడ్డా?" అన్నాడు.

మమ్మల్ని కూర్చోబెట్టి, మూలనున్న పలకా బలపం నా చేతికిచ్చాడు. ఆయన మాట్లాడతాడు, మనం రాయాలి. ఆయనది గనిలో ఫ్యాన్‌హౌస్ ఉద్యోగం. లోపలికి గాలి పంపే పెద్ద పంఖా పక్కన ఉద్యోగమంతా గడిచింది. ఆ మోతకు చెవులు కొంచెం కొంచెంగా పోయాయి. ఇక్కడి గని మూసేసినా, దగ్గర్లోని ఇంకో గనిలో పని ఉందని ఇల్లు వదల్లేదు. రిటైరయ్యాక రాజురాలో సైబర్ కేఫ్‌కు పోవడం నేర్చుకున్నాడు. "గాడ మంచిగుంటది బిడ్డా. ఎవలు ఒర్రద్దు, ఎవలు సైగలు జెయ్యద్దు. అందరు రాసుడే. గాడ నేను గూడ అందరి లెక్కనే" అన్నాడు.

ఆయన భార్యకు నేలలోంచి చప్పుడు వినిపించడం మొదలైంది. వంట గదిలో గచ్చు మీద నడుం వాల్చినప్పుడు ఎవరో కింద నుంచి కొడుతున్నారని చెప్పింది. ఈయనకు వినబడదు. చుట్టుపక్కల వాళ్లను అడిగితే ఏమీ లేదన్నారు. ఆమె నేలకు చెవి ఆనించి పడుకోవడం మొదలుపెట్టింది. ఇల్లు వదిలి పోదామని ఏడ్చింది. ఆమెకు దయ్యం పట్టిందన్నారు. లక్కడ్‌కోట్ అవతల దయ్యం వదిలించేవాడొకడు ఉన్నాడంటే ఈయనే తీసుకుపోయాడు. వాడు ఏం చేశాడో ముసలాయన చెప్పలేదు. కుడిచేత్తో ఎడమచేతిని గట్టిగా పట్టుకొని కూర్చున్నాడు.

"వచ్చినంక మల్ల సప్పుడు ముచ్చట తీయలే. అసలు ముచ్చటనే మానేసింది. సలికాలంల జరమొచ్చి పోయింది. ఆమె పిచ్చిదో, నేనే పిచ్చోన్నో నాకు తెల్వాలె. గందుకే ఇది పెట్టిన." తీగ చూపించాడు. పాత టెలిఫోన్ మూతిముక్కను పగుల్లోకి దించి తనే కట్టుకున్నాడు. "గీత లేస్తది, పడుతది. లారీ పోయినా లేస్తది, పిల్లి దుంకినా లేస్తది. ఏం సప్పుడో గీతల దెలువది."

కొట్టుకే రావచ్చు కదా, కొరియర్‌లో ఎందుకు పంపారని రాశాను.

"నేనొస్తె నన్ను జూస్తరు బిడ్డా. ముసలోడు, చెవిటోడు, పెండ్లాం పోయి దిమాక్ ఖరాబైంది అంటరు. సామాను వాపసొస్తె సామాను జూస్తరు."

నా ఉద్యోగం గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. మరాఠీ ఆయనకు వివరించి చెబితే, మొదటిసారి తుడిచేసింది తనేనని పలక తీసుకొని మరాఠీలో రాశాడు. ముసలాయన చదివి, "పోనీ. అందుల ఎడం ఎడంగ ఉండె" అన్నాడు. అంటే గీతలను ఆయన ఎంత జాగ్రత్తగా చూస్తున్నాడో అప్పుడు తెలిసింది.

మేం విన్నదాంట్లో ఒక మనిషి గొంతు ఉందని, అది ఆయనదేనని రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించి, రాశాను. ఆయన పలకను కళ్లకు దగ్గరగా పెట్టుకొని చదివాడు.

"నేను మాట్లాడుతున్ననా? పైకే?"

తలూపాను.

"మనసుల అనుకుంటున్న అనుకున్న." పలక నా చేతిలో పెట్టాడు. తర్వాత నా వైపు చూసి, "మరి ఆమె ఏమన్న అన్నదా?" అన్నాడు.

మీరు పిలిచిన ప్రతిసారీ చప్పుడు వచ్చిందని రాశాను. అది అబద్ధం కాదు.

లోపలి గదిలోకి పోయి, ఆమె పడుకున్న చోటే నేనూ పడుకొని నేలకు చెవి ఆనించాను. పట్టపగలు, బయట కోడి అరుస్తోంది. గచ్చు చల్లగా ఉంది. మొదట నా రక్తం చప్పుడే వినిపించింది. తర్వాత వచ్చింది. స్పీకర్లో విన్నదాని కంటే లోతుగా, మెత్తగా. టక్. ఆగి, టక్ టక్. చెరుకు గడ విరిస్తే వచ్చే చప్పుడు దూరం నుంచి వింటే ఎట్లుంటుందో అట్లా. దాని వెనక సన్నగా రాలుడు, ఇసుక జారినట్టు.

లేచి అదంతా రాశాను. చదువుతుంటే ముసలాయన మొహం మారింది. అంతవరకూ అది భార్యను పోగొట్టుకున్న మనిషి మొహం. ఒక్కసారిగా గని మనిషి మొహమైంది.

"రాలుడున్నదా? చెరుకు ఇరిసినట్టే ఉన్నదా? దగ్గర దగ్గర వస్తున్నదా?"

అవునని తలూపాను.

"కప్పు మాట్లాడుతంది" అన్నాడు.

ఆ మాట మా నాన్న నోట విన్నాను. బొగ్గు తీసేటప్పుడు పైకప్పు కూలకుండా మధ్యమధ్య బొగ్గునే స్తంభాలుగా వదిలేస్తారు. ఏళ్లు గడిచి అవి నలిగితే, కూలే ముందు అట్లా చప్పుడు చేస్తాయి. గనిలో ఆ చప్పుడు వింటే పనిముట్లు పడేసి పరిగెత్తాలి. మేం ఆ గని నెత్తి మీద కూర్చొని పలక మీద రాసుకుంటున్నాం.

కంప్యూటర్‌తో వచ్చి మూలన పడి ఉన్న స్పీకర్లు తగిలించి గుమ్మంలో పెట్టమన్నాడు ముసలాయన. పూర్తి గట్టిగా పెట్టమన్నాడు. టక్ టక్ చప్పుడు వరసంతా మోగింది. ఒక్కొక్కరే బయటికొచ్చారు. బియ్యం ఏరుతున్నామె చేతిలో చాటతోనే వచ్చింది. కొంచెం సేపు విని, చాట కింద పడేసింది. బియ్యం చెల్లాచెదురయ్యాయి.

"గిదే" అంది. "గిదే సప్పుడు."

"నువ్వు విన్నవా అక్కా?" అని అడిగాను.

ఆమె ముసలాయన ముందు పోయి నిలబడి, వినబడదని తెలిసి కూడా, ఆయనతోనే చెప్పింది. "మేం గూడ ఇన్నం అన్నా. నేనిన్న, మా అత్త ఇన్నది, అందరం ఇన్నం. వదినెను గాడికి తోల్కపోయినంక, గా చేతుల మీది వాతలు జూసినంక, ఎవలం నోరిప్పలే. మమ్ముల గూడ తోల్కపోతరని భయమైంది."

ఎవరూ కాదనలేదు. ఆ వరసలో ఒక్కరు కూడా నాకేం తెలియదు అనలేదు. అదే నాకు స్పీకర్లో గొంతు కంటే ఎక్కువ భయం వేసిన క్షణం. ఇంతమంది, ఇన్నాళ్లు, నేల కింద నుంచి వచ్చే ఆ చప్పుడు వింటూ వండుకున్నారు, తిన్నారు, పడుకున్నారు. పక్కింటామెను పిచ్చిదన్నారు.

ముసలాయనకు నేను పలక మీద రాశాను. అందరూ విన్నారట. ఆయన చదివాడు. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. పలక నాకిచ్చేసి, "ఏడుపులు మల్ల. ముందుగాల పిల్లలను తీయుండ్రి" అన్నాడు.

మరాఠీ ఆయన స్కూటర్ మీద రోడ్డు దాకా పోయి సేఠ్‌కు ఫోన్ చేశాడు. సేఠ్ తిట్టుకుంటూ కొట్టు టెంపో పంపుతాడనుకున్నాం. టెంపోలో తనే వచ్చాడు. వచ్చి, దిగి, బాట మీద పగులు చూసి, "అరె దేవుడా, గిది వాపస్ సామానా!" అన్నాడు. ఇంకేం అడగలేదు. చొక్కా చేతులు మడిచి మంచాలెత్తడం మొదలుపెట్టాడు. ఇత్తడి, స్టీలు, కంప్యూటర్లు మోసిన ఇంటి మనిషి. ఏ సామాను ఎట్లా సర్దాలో ఆయనకు చెప్పనక్కర్లేదు. పెద్ద రోడ్డు పక్కన ఖాళీగా ఉన్న బడి భవనంలోకి అందర్నీ చేర్చాం. మధ్యలో ఒక ముసలమ్మ రానంటే రానంది. ఇక్కడే పుట్టిన మేకను వదిలి ఎట్లా వస్తానంది. మేకను ముందు ఎక్కించాం, ఆమె వెనకే ఎక్కింది.

పనంతా అయ్యేసరికి సాయంత్రం దిగింది. గని ఆఫీసు వాళ్లకు కబురు పంపితే ఒక సర్వే అధికారి జీపులో వచ్చాడు. స్పీకర్లో కాసేపు విని, ఇంకెవరినీ అటు పోనివ్వొద్దని చెప్పి, బాటకు అడ్డంగా తన జీపే పెట్టాడు.

తొలి వాన గట్టిగా పడిన రోజు ఆ వరస కుంగింది. చూసినవాళ్లు చెప్పారు, పెద్ద మోతేమీ రాలేదట. నేల నిట్టూర్చినట్టయిందట, అంతే. చివరి ఇళ్లు నిలువునా దిగి, కిటికీల దాకా భూమిలోకి పోయాయి. తర్వాత అందులో నీళ్లు చేరాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను పోయి చూడలేదు. చూడాలనిపించలేదు. గచ్చు మీద చెవి ఆనించి పడుకున్న చోటు ఇప్పుడు నీళ్ల కింద ఉందని తెలిశాక, చాలా రోజులు స్నానం చేస్తుంటే నీళ్ల చప్పుడుకు కూడా ఉలిక్కిపడేదాన్ని.

ముసలాయనకు వేరే కాలనీలో క్వార్టర్ ఇచ్చారు. కింది ఇల్లు వద్దని పట్టుబట్టి పై అంతస్తు తీసుకున్నాడు. వెబ్‌సైటు వాళ్లు మాత్రం మా వాపసు గడువు దాటిందని మా పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టారు. అది తీయించడానికి నేను రాసిన జవాబుల్లో, నేల కుంగిన సంగతి ఎక్కడా ఇమడలేదు. కారణాల్లో అట్లాంటి గడి లేదు.

పిల్లలూ, వాపసు పెట్టె వచ్చినప్పుడు నంబరు చూడండి, చుక్క చూడండి. దొంగలున్నారు, నేను కాదనను. అవన్నీ సరిగ్గా ఉండి కూడా ఎవరైనా రెండోసారి వాపసు పంపితే, ఆ మనిషి ఏం చెబుతున్నాడో ఒకసారి కూర్చొని వినండి. మేం మొదటిసారే విని ఉంటే కొన్ని వారాలు ముందుగా ఆ పిల్లలు బయటపడేవాళ్లు. ఇది తప్పొప్పుల మాట కాదు. అదృష్టం మా వైపు ఉన్నదని మాత్రమే చెబుతున్నాను.

చలికాలంలో భార్య పోయి ఏడాది అయిందని ముసలాయన మమ్మల్ని భోజనానికి పిలిచాడు. నేను, మరాఠీ ఆయన, సేఠ్ ముగ్గురం పోయాం. పాత వరస వాళ్లంతా వచ్చారు. బియ్యం ఏరినామె పొద్దున్నుంచి వచ్చి వంట చేస్తోంది. పోయినామె ఫోటోకు దండ వేశారు. నేను ఆమెను చూడడం అదే మొదలు. నవ్వుతున్న చిన్న మొహం, పెద్ద బొట్టు.

భోజనాల దగ్గర ఆడవాళ్లు ఆమె సంగతులు చెప్పుకుంటున్నారు. ఆమె పచ్చడి గురించి, ఆమె పాటల గురించి, ఎవరి కాన్పుకు వానలో తడుస్తూ ఎట్లా వచ్చిందో దాని గురించి. ఆమెను ఏ మాటతో పిలిచేవాళ్లో నేను మొదటిరోజే విన్నాను. ఆ రోజు ఆ మాట ఎవరి నోటా రాలేదు. అందరూ పేరుతో చెప్పుకున్నారు. ఆ పేరు ఇక్కడ రాయను, అది వాళ్లది.

ముసలాయన నా పక్కన కూర్చొని, తినకుండా అందరి మొహాలూ చూస్తున్నాడు. ఏం మాట్లాడుకుంటున్నారో చెబుదామని పలక అందుకోబోయాను. ఆయన నా చెయ్యి ఆపాడు.

"వద్దు బిడ్డా. రెండు పెదాలు గలిసి ఇడువడే పేరు అది. ఎవలు అన్నా నాకు తెలుస్తది" అన్నాడు. ఆ రోజంతా ఆయన వాళ్ల పెదాలే చూస్తూ కూర్చున్నాడు.